ఖాళీ సీసా

ఇంటి నుంచి, వంటగది బల్ల దగ్గర

మా ఇంటి మహా శాస్త్రవేత్త గారికి,

ఫోను చేయకుండా ఈ ఉత్తరమేమిటని ముక్కు మీద వేలేసుకోకు. ఫోనులో మన సంగతి నీకూ తెలుసు. నువ్వు పాఠం మొదలుపెడతావు, నేను ఏడుపు మొదలుపెడతాను, చివరికి సిగ్నల్ లేదని వంక పెట్టి ఇద్దరం పెట్టేస్తాం. కాగితమైతే నా మట్టిబుర్రకు ఎక్కేదాకా మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. నీ మరిదికీ చూపించొచ్చు. లిఫ్టులు బాగుచేయడం తప్ప ఆయనకేమీ తెలియదని నువ్వనుకుంటావు కానీ, నాకన్నా ఓపిగ్గా చదువుతారు.

నిన్న స్కానుకి వెళ్ళాం. స్కాను చేసే ఆవిడ మొదట్లో గలగలా మాట్లాడుతూనే ఉంది. తల దగ్గరికి వచ్చేసరికి నోరు మూతపడింది. ఆ మౌనం నాకు బాగా తెలుసు అక్కా. డ్రైవింగ్ స్కూల్లో నా పక్కన కూర్చుని బండి నేర్చుకునేవాళ్ళకి ఎదురుగా లారీ వస్తుంటే, నేనూ అలాగే కబుర్లు ఆపేసి నా వైపు ఉన్న రెండో బ్రేకు మీద కాలు పెడతాను.

మెదడులో నీళ్ళుండే గదులు ఉండాల్సినదానికన్నా వెడల్పుగా ఉన్నాయట. "కొంచెమే. ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు, ఒక్కోసారి కావచ్చు" అంది డాక్టరమ్మ. కావచ్చు అంటే అది మగపిల్లలకి వచ్చే జబ్బట, అందుకే మామూలుగా చెప్పకూడనిదైనా చెప్పింది, మనకి మగపిల్లాడు. కణాలను ఒకదానితో ఒకటి అతికించే ఏదో ప్రోటీను పేరు కూడా చెప్పింది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "మా అక్క ఇన్నేళ్ళుగా దాని మీదే పనిచేస్తోందండీ!" అన్నాను, గెలిచినదానిలా. ఆవిడ నా వైపు జాలిగా చూసింది.

ఎందుకలా చూసిందో చెప్పు. దాచకు. అలాగని పుస్తకం మొత్తం నా నెత్తిన కుమ్మరించకు.

నీ చెల్లి


ల్యాబు నుంచి

చిట్టీ,

సులువుగానే చెప్తాను.

బిడ్డ మెదడు మొదట్లో ఒక సన్నని గొట్టం. కణాలు ఆ గొట్టం లోపలి అంచున పుడతాయి. పుట్టినచోట ఉండిపోవు, పక్కవాటిని పట్టుకుని బయటివైపు పాకుతాయి. తమ చోటు చేరాక పొడవాటి పోగులు చాస్తాయి. ముందు వెళ్ళిన పోగులను తడుముకుంటూ, వాటిని పట్టుకుంటూ, కుడి సగం నుంచి ఎడమ సగానికి దాటతాయి. ఆ పట్టుకునే చెయ్యే ఈ ప్రోటీను. కణం పైపొర మీద బయటికి చాచుకుని ఉంటుంది. అవతలి కణం మీద కూడా అదే ఉంటే రెండూ పెనవేసుకుంటాయి. అది తయారయ్యే జన్యువులో తప్పు ఉంటే పట్టు దొరకదు. పోగులు దారి తప్పుతాయి. రెండు సగాల మధ్య వంతెన కట్టుబడదు. నీళ్ళు పారే సన్నదారి మూసుకుపోయి గదులు ఉబ్బుతాయి. ఇవన్నీ మొదటి నెలల్లో జరిగిపోయే పనులు. తర్వాత వెళ్ళి సరిచేసే మార్గం ఎవరి దగ్గరా లేదు. నా దగ్గర కూడా. డాక్టరమ్మ జాలిపడింది అందుకే.

మగపిల్లాడికి ఆ జన్యువు తల్లి నుంచే వస్తుంది. ఆడపిల్లలకి రెండు ప్రతులుంటాయి కనుక ఒకటి పాడైనా రెండోది కాచుకుంటుంది. మగపిల్లాడికి ఉన్నది ఒక్కటే.

ఇంకో మాట. నువ్వు పుట్టకముందు నాకో తమ్ముడు, నీకో అన్నయ్య, కొన్ని నెలలు బతికాడు. తల పెద్దది. బొటనవేళ్ళు అరచేతుల్లోకి ముడుచుకుపోయి ఉండేవి. అమ్మ రోజంతా వాటిని ఒక్కొక్కటే విప్పుతూ కూర్చునేది, వదలగానే మళ్ళీ ముడుచుకునేవి. కడుపుతో ఉండగా తనకి జ్వరం వచ్చిందనీ, దానివల్లే అలా అయిందనీ అమ్మ చచ్చిపోయేదాకా నమ్మింది. అది నిజమే కావచ్చు కూడా. అప్పట్లో ఏ పరీక్షా జరగలేదు. నీ దగ్గర ఆ పేరెత్తనని నాచేత ఒట్టు వేయించుకుంది.

ఉమ్మనీరు తీయించి జన్యువు పరీక్ష చేయించుకో. ఆలస్యం చెయ్యకు.

అక్క


ఇంటి నుంచి

అక్కా,

నాకో అన్నయ్య ఉండేవాడని ముప్పై దాటాక ఒక ఉత్తరం చివర్లో తెలిసింది. బాగుంది. నువ్వూ అమ్మా కలిసి నన్ను భలే పువ్వుల్లో పెట్టి పెంచారు. దీని గురించి నీతో తర్వాత పోట్లాడతాను, ఇప్పుడు ఓపిక లేదు.

పరీక్ష ఫలితం వచ్చింది. జన్యువులో ఒకచోట మార్పు ఉందట. వాడికీ ఉంది, నాకూ ఉంది. అయితే ఆ మార్పు ఇంతవరకూ ఎవరిలోనూ చూడలేదట, దాని అర్థం ఏమిటో తెలియదట. "చెడ్డదైనా కావచ్చు, ముక్కు వంకర ఉన్నట్టు ఊరికే ఉన్నదైనా కావచ్చు" అంది డాక్టరమ్మ. అన్నయ్య సంగతి చెప్పాను. రాసుకుంది. కాగితాలు లేని మాట కదా, ఎంతవరకు నమ్మాలో తెలియదంది. నీ మరిది మాత్రం బల్ల మీద గుద్ది, "ఇంత డబ్బు గుంజి తెలియదు అని రాసిస్తారా?" అన్నారు. ఆయన గొంతు పెంచడం నేను చూడడం ఇదే మొదలు.

చట్టం ఇచ్చిన గడువు ఈ నెలాఖరు దాకే. ఆ తర్వాత గర్భం తీయరు. ఆస్పత్రిలో దానికి తేదీ తీసుకున్నాను అక్కా. నెల చివరి శుక్రవారం. తీసుకుని బయటికి వచ్చి, కారులో కూర్చుని, తాళం ఎక్కడ పెట్టాలో మరిచిపోయాను. ఊరంతటికీ బండి నేర్పేదాన్ని.

వాడి పేరు బుడంకాయ. స్కానులో అలాగే ఉన్నాడు, గుండ్రంగా, ముడుచుకుని. పేరు పెట్టకూడదని అనుకున్నాను. నోరాగలేదు.

రిపోర్టు దీనితో పెట్టాను, నీ దగ్గర సీసాలున్నాయి కదా. ఆ మార్పు ఉన్న ప్రోటీను పట్టుకుంటుందో లేదో నువ్వే చూడొచ్చు కదా? తేల్చి చెప్పు. ఉంచుకోనా, వద్దా?

చెల్లి


ల్యాబు నుంచి

చిట్టీ,

చూడొచ్చు. చూడకూడదు. మా బల్ల మీద తేలినదాన్ని బట్టి ఎవరూ వైద్యం చేయకూడదన్నది నియమం. అది ఎందుకు పెట్టారో కొత్తవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. అయినా మొదలుపెట్టాను. ప్రొఫెసరుకి చెప్పలేదు.

ఎలా చేస్తామో చెప్తాను, నీకు ఊరికే ఎదురుచూస్తున్నట్టు ఉండదు. తమంతట తాము అతుక్కోని కణాలు మా దగ్గర కొన్ని ఉన్నాయి. వాటిలోకి మన బుడంకాయ ప్రోటీనుని చేరుస్తాను. నీళ్ళలాంటి ద్రావణంలో వేసి, సీసాను తిరిగే పళ్ళెం మీద పెడతాను. ప్రోటీనుకి పట్టు ఉంటే కణాలు గుంపులు కడతాయి. లేకపోతే నీళ్ళలో ఇసుకలా విడివిడిగా తిరుగుతూ ఉంటాయి. పక్కనే ఇంకో సీసా పెడతాను, అందులో ఆ ప్రోటీను ఉండదు. దాన్ని ఖాళీ సీసా అంటాం. దానిలో కణాలు విడిగా ఉండాలి. అప్పుడే మొదటి సీసాలో చూసింది నిజం.

అన్నం తిను. స్కూలుకి సెలవు పెట్టు. గుంతల్లో ఆ కుదుపులు నీకు మంచివి కావు.

అక్క


ల్యాబు నుంచి, ఆదివారం

నా బంగారు చిట్టీ,

అతుక్కున్నాయి!

సూక్ష్మదర్శినిలో నా కళ్ళతో చూశాను. పెద్ద పెద్ద గుంపులు. మంచి ప్రోటీనుతో వచ్చే గుంపులకీ వీడి గుంపులకీ నాకు తేడా కనబడలేదు. ఒక సీసా సరిగా తిరగక పాడైంది, దాన్ని పారబోశాను, మిగతావన్నీ ఒకే మాట చెబుతున్నాయి. వీడి చెయ్యి పట్టుకుంటుంది చిట్టీ. గదుల వెడల్పు ఊరికే ఉన్నదే అయి ఉండాలి. చాలామంది పిల్లల్లో పుట్టేలోగా సర్దుకుంటుంది.

నిర్ణయం నీదీ మరిదిదీ. కానీ నన్నడిగావు కాబట్టి చెప్తున్నాను. నేనైతే ఉంచుకుంటాను.

ఈ ఉత్తరం రేపు ఉదయమే కొరియరులో పంపుతాను. ఫోను చేద్దామని చేతిలోకి తీసుకున్నాను, మళ్ళీ బల్ల మీద పెట్టేసి ఇది రాస్తున్నాను.

అక్క


ఇంటి నుంచి, వసారాలో

నా దేవతకి,

ఇకనుంచి నిన్ను ఇలాగే పిలుస్తాను, నీకు చిరాకేసినా సరే.

ఉత్తరం వచ్చేసరికి నీ మరిది పనిలో ఉన్నారు. ఆయన పనిచేసే భవనానికే వెళ్ళిపోయాను. లిఫ్టు గుంటలోంచి తల బయటికి పెట్టి, ఒళ్ళంతా గ్రీజుతో, నీ ఉత్తరాన్ని నేను పట్టుకుని ఉంటే అక్కడే చదివారు. చదివి మళ్ళీ గుంటలోకి దిగిపోయారు. ఎంతకీ పైకి రారే! ఆయనతో పనిచేసే ఆయన నాతో, "మీవారు కింద ఏడుస్తున్నారమ్మా, కాసేపు వదిలేయండి" అన్నాడు.

శుక్రవారం రద్దు చేసేశాను. ఆస్పత్రి అమ్మాయి "మళ్ళీ వేరే రోజు కావాలా?" అంటే, "అక్కర్లేదమ్మా, జన్మలో అక్కర్లేదు" అన్నాను. గడువు దాటింది. ఆ శుక్రవారం మేమిద్దరం సినిమాకి వెళ్ళి, ఇద్దరం నిద్రపోయి వచ్చాం.

బుడంకాయ బాగా తన్నుతున్నాడు. స్కూలుకి ఇంకా వెళ్తున్నాను, తిట్టకు. ఇప్పుడో పెద్దాయన నేర్చుకుంటున్నాడు, గేరు మార్చినప్పుడల్లా కళ్ళు మూసుకుంటాడు. "కళ్ళు తెరవండి సార్, లోపలొకడు చూస్తున్నాడు, నవ్విపోతాడు" అన్నాను. బిడ్డ సంగతి బయటివాళ్ళకి ధైర్యంగా చెప్పుకున్నది అదే మొదటిసారి.

అన్నయ్య సంగతి దాచినందుకు పోట్లాడతానన్నాను కదా. ఆ బాకీ కొట్టేశాను. 

నీ చెల్లి, బుడంకాయ తల్లి


ల్యాబు నుంచి

చెల్లీ,

దీన్ని నిలబడి చదవకు. మరిది ఇంట్లో ఉన్నప్పుడు చదువు.

రెండోసారి చేయనిదే మా దగ్గర ఏదీ నిజం కిందికి రాదు. అందుకని మళ్ళీ చేశాను. ఈసారి కణాలు అతుక్కోలేదు. మరోసారి చేశాను. అతుక్కోలేదు. ఇసుకలా తిరుగుతూనే ఉన్నాయి.

మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. కణాల మీద అతికించే ప్రోటీన్లు ఒక్క రకం కాదు. మా కణాల మీద ఇంకొకటి కాస్త ఉంటుంది, అది ద్రావణంలో కాల్షియం ఉంటేనే పనిచేస్తుంది. అందుకే ముందు కాల్షియం లేని ద్రావణంతో కణాలను కడిగేస్తాం. ఆ ఆదివారం హడావిడిలో నేను తీసుకున్నది కాల్షియం ఉన్న సీసా. వాటిని పట్టి ఉంచింది ఆ రెండో ప్రోటీను. మన బుడంకాయది కాదు.

ఇంతవరకైతే పొరపాటు. తర్వాతిది పొరపాటు కాదు. ఒక సీసా సరిగా తిరగక పాడైందని రాశాను కదా, అది ఖాళీ సీసా. అందులో కూడా కణాలు గుంపులు కట్టాయి. నేను చూశాను. అది చూసిన క్షణంలోనే మొత్తం పనికిరాదని తెలియాలి. కొత్తగా చేరిన పిల్లలకి కూడా తెలుస్తుంది. నేను పళ్ళెం సరిగా తిరగలేదులే అనుకుని, తొట్లో పారబోసి, కుళాయి తిప్పాను. తమ్ముడి తల, నీ స్కాను, ఆ మార్పు, మూడూ ఒకే వైపు వేలు చూపిస్తున్నాయి. నా సీసా ఒక్కటే ఇంకోవైపు చూపించింది. నేను దాన్నే నమ్మాను, ఎందుకంటే నాకు అదే కావాలి.

గడువు దాటిందని తెలుసు. ప్రొఫెసరుకి అంతా చెప్పాను. డాక్టరమ్మకి కూడా ఈ రోజే రాస్తున్నాను.

అక్క


ఇంటి నుంచి

మీ ఉత్తరం అందింది.

కొత్త స్కాను తీశారు. గదులు బాగా పెరిగాయి. వంతెన లేదన్నారు. రెండు బొటనవేళ్ళూ లోపలికి ఉన్నాయి, ఈసారి స్పష్టంగా కనిపించాయి. 

ఒక్క ప్రశ్న. మీరు కూడా పరీక్ష చేయించుకునే ఉంటారు. మీకుందా?


ఇంటి నుంచి

చెల్లీ,

"మీరు" అన్నావు. అనాల్సిందే.

చేయించుకున్నాను, నీ మొదటి ఉత్తరం వచ్చిన వారమే. నాకు లేదు. అమ్మ దగ్గర రెండు ప్రతుల్లో ఒకటి మంచిది, ఒకటి పాడైంది. మంచిది నాకు వచ్చింది, రెండోది నీకు వచ్చింది. పెళ్ళీ పిల్లలూ వద్దనుకుని ల్యాబులో కూర్చున్నదానికి మంచిది వచ్చింది. ఈ మాట నీకు రాయడానికి సిగ్గుపడి దాచాను. ఇంక నీ దగ్గర దాచినవి ఏమీ లేవు.

నన్ను పని నుంచి పక్కన పెట్టారు. తప్పు కాదు. సీసాలు ముట్టుకోవడం లేదు, ఇంట్లోనే ఉంటున్నాను. నువ్వు ఊ అంటే వచ్చి నీ దగ్గరే ఉంటాను. వంట చేస్తాను, ఆస్పత్రికి తోడు వస్తాను, నువ్వు తిట్టినన్ని తిట్లు తింటాను. నువ్వు వద్దంటే రాను. నన్ను క్షమించమని మాత్రం అడగను, అడిగే మొహం లేదు.

ఒక్క ముక్క రాయి. ఏదో ఒకటి.

అక్క


ఇంటి నుంచి

చెల్లీ,

నా ఉత్తరానికి జవాబు రాలేదు. మరిది ఫోను ఎత్తి, "ఇప్పుడు కాదు వదినగారూ" అని పెట్టేశారు. మర్యాదగానే అన్నారు. 

ఈ రోజుల్లోనే కాన్పు అని లెక్కేసుకుంటున్నాను. రోజూ సంచీ సర్దుతున్నాను, తీస్తున్నాను.

అక్క


ఆస్పత్రి నుంచి, పిల్లల వార్డు

అక్కా,

పుట్టాడు. తల పెద్దది కావడంతో కోసి తీశారు. ఆ మర్నాడే వాడినీ కోశారు. తలలోంచి కడుపులోకి చర్మం కింద ఒక గొట్టం వేశారు, నీళ్ళు దిగిపోవడానికి. అది ఒకసారి మూసుకుపోయింది, మళ్ళీ తెరిచారు. మూసుకుపోయినప్పుడల్లా తెరవాల్సిందేనట. నీళ్ళు దింపగలం కానీ కట్టుబడనిది కట్టలేం అంది డాక్టరమ్మ. నడవడు. మాట్లాడడు. మనల్ని గుర్తుపడతాడా అంటే, ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

నల్లగా ఉన్నాడు, వాళ్ళ నాన్నలా. జుట్టు గొరిగేశారు. ఏడుపు సన్నగా ఉంటుంది, అలా సాగుతూనే ఉంటుంది. పాలు తాగడం చాతకాదు, ముక్కులోంచి గొట్టం. నీ మరిది గంటల తరబడి ఉయ్యాల పక్కన నిలబడి, ఆ గొట్టం తీరు చూస్తూ ఉంటారు. మిషను ఏదైనా బాగుచేయగల మనిషి కదా. నిన్న నర్సుని "దీనికి స్పేరు పార్టు దొరకదా అమ్మా?" అని అడిగి, తనే నవ్వి, బయటికి వెళ్ళిపోయారు. చాలాసేపటికి గానీ రాలేదు.

నీకు నిజం చెప్పాలి. ఆ శుక్రవారం నేను వెళ్ళిపోయేదాన్ని. అన్నీ సర్దుకుని ఉన్నాను. నీ ఉత్తరం రాకపోతే వీడు లేడు, ఈ సూదులూ గొట్టాలూ లేవు. వీడి తలకి కట్టు మార్చేటప్పుడు నేను నిన్ను తిట్టే తిట్లు అమ్మ వింటే నా నోరు కడిగేది. తర్వాత వీడు కాసేపు ఏడుపాపి నా మెడ దగ్గర మొహం పెట్టుకుంటాడు. అప్పుడు నువ్వు నిజం రాసి ఉంటే వీడి ఈ బరువు నా గుండె మీద ఉండేది కాదు కదా అనిపిస్తుంది, వెంటనే వీడిని ఇంకా గట్టిగా పట్టుకుంటాను. రోజూ ఈ రెండూ జరుగుతున్నాయి. ఏది గెలుస్తుందో చూద్దామని ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. ఏదీ గెలవడం లేదు. గెలవదు కూడా అనుకుంటున్నాను.

క్షమించడం మాట మళ్ళీ ఎత్తకు, వద్దని కూడా ఎత్తకు. ప్రోటీను మాట ఎత్తకు. వంట అక్కర్లేదు, ఇక్కడ క్యాంటీను ఉంది.

రా. వచ్చి, చేతులు కడుక్కుని, వీడు ఏడుస్తున్నప్పుడు నా చేతుల్లోంచి తీసుకో. ఊరుకోడు. ఎవరు ఎత్తుకున్నా ఊరుకోడు. నేను కాస్త నిద్రపోయి లేచి, ఇమ్మనేదాకా దించకు.

చెల్లి